అడవిలోకి పంపిన ప్రశ్నలు

మావారు జనరేటర్ మెకానిక్కు. ముమ్మిడివరం చుట్టుపక్కల రొయ్యల చెరువులున్న చాలామంది ఇళ్ళల్లో ఆయన ఫోన్ నంబరు గోడ మీద రాసుంటుంది. కరెంటు పోయినప్పుడు జనరేటర్ అందుకోకపోతే చెరువులో ఏరేటర్లు ఆగిపోతాయి. అవి ఆగితే రొయ్యకి ఊపిరాడదు. అందుకని అన్నం మధ్యలో చెయ్యి కడుక్కుని వెళ్ళిపోవడం ఆయనకీ, చేతిలో గరిటె పట్టుకుని చూస్తూ నిలబడిపోవడం నాకూ అలవాటే. నేను ఆ దగ్గర్లోనే ఒక హైస్కూల్లో తెలుగు చెప్తాను.

వరసగా రెండేళ్ళు రొయ్యకి తెగులు తగిలి, చాలామంది చెరువులు ఎండగట్టేసేరు. ఈయనకి పని తగ్గిపోయింది. మా వైపు మగవాళ్ళకి అలాంటప్పుడు గుర్తొచ్చేది గల్ఫే. ఈయనకి మాత్రం ఆఫ్రికాలో ఒక దేశంలో ఉద్యోగం దొరికింది. ఆ దేశం పేరు నేనిక్కడ రాయను, రాయనని ఒకాయనకి మాటిచ్చేను. అక్కడొక పెద్ద నది, నది ఒడ్డున ఒక ఊరు, ఆ ఊరికి నీళ్ళు తోడే పంపుహౌసు, దానికి నాలుగు జనరేటర్లు. వాటిని చూసుకోవడం ఈయన పని. వెళ్ళిన కొత్తలో వీడియో కాల్లో నదిని చూపించి, "మన గోదారి లాంటిదే. ఇసకొక్కటే ఎర్రగా ఉంది" అన్నారు.

ఏడాది బాగానే గడిచింది. ఆ తర్వాత ఒక సోమవారం పొద్దున్న, పంపుహౌసుకి వెళ్తున్న వాళ్ళ బండిని దారిలో ఆపి, నలుగురు మనుషుల్ని దింపి తీసుకుపోయేరు. మావారు, ఒడిశా వాళ్ళిద్దరు, కేరళాయన ఒకరు. తీసుకుపోయింది అక్కడి ప్రభుత్వం మీద తిరగబడ్డ వాళ్ళు. కంపెనీ మేనేజరు ఫోన్ చేసి ఈ సంగతి ఇంగ్లీషులో చెప్పేడు. నాకు ఇంగ్లీషు వచ్చు. అయినా మూడుసార్లు చెప్పించుకున్నాను.

మావారి అక్కగారు, మా వదినగారు, సంగతి తెలిసిన రోజే రాజోలు నుంచి రెండు చీరలు సంచిలో కుక్కుకుని వచ్చేసేరు. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి కాలేజీ మానేసి ఆ దేశం వార్తల కోసం ఫోన్లో వెతుక్కుంటూ కూర్చుంది. నేను మాత్రం మూడో రోజునే బడికి వెళ్ళిపోయేను. ఇంట్లో ఉంటే గోడలు చూడాలి. బడిలో అయితే పిల్లలు అల్లరి చేస్తారు, కసురుకోవచ్చు.

ఆ రోజు మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఉండగా ఫోన్ మోగింది. చాలా పొడుగు నంబరు.

"నమస్కారమమ్మా. ఈడ మన దేశం రాయబారిని మాట్లాడేది" అందొక పెద్దాయన గొంతు.

తెలుగు వినపడేసరికి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. బల్ల పట్టుకుని, "ఆయ్" అన్నాను.

"ఆయ్ అంటే ఏమమ్మా?"

"అవునని అర్థమండి."

"సరే. మాది బళ్ళారి. ఇంట్లో తెలుగు, బయట కన్నడం. మీ మాట నాకు కొంచెం తెలీదు, నా మాట మీకు కొంచెం తెలీదు. ఇద్దరం ఓర్చుకుందాం" అన్నారు.

ఆ దేశంలో మన రాయబార కార్యాలయం చాలా చిన్నదట. రాయబారి, ఇద్దరు ఆఫీసర్లు, ఒక డ్రైవరు, ఒక టైపిస్టు, అంతే. అందుకని మిగతా ముగ్గురి ఇళ్ళకీ ఆఫీసర్లు ఫోన్ చేస్తున్నారనీ, తెలుగు వచ్చినవాణ్ణి తనొక్కడే కాబట్టి నాతో తనే మాట్లాడతాననీ చెప్పేరు. నాకేం చెప్పచ్చో ఏం చెప్పకూడదో చూసుకుంటూ అక్కడి పరిస్థితి చెప్పేరు.

"వాళ్ళు ఒకే గుంపు అయ్యుంటే నా పని సులువమ్మా. రెండు గుంపులైనారు. మీ ఆయన్ని పట్టుకున్నది అడవి వైపు గుంపు. ఊరికొచ్చే రోడ్డు ఇంకో గుంపు చేతిలో ఉంది. ఒకరి పేరెత్తితే ఒకరికి మంట. సర్కారుకి ఇద్దరి మీదా మంట. నేను సర్కారుకి చెప్పకుండా వాళ్ళతో మాట్లాడితే నన్ను ఇంటికి పంపిస్తారు. సర్కారుతోనే మాట్లాడతా కూర్చుంటే అడవిలోకి సిపాయిల్ని పంపిస్తారు. సిపాయిలు పోతే తుపాకులు పేల్తాయి. తుపాకీకి మనవాడెవడో పరాయివాడెవడో తెలీదు."

"మరేం చేస్తారండి?"

"పోయి ఈ దేశం మంత్రిగారి గది ముందర కూర్చుంటా. ఆ గుంపులతో మాట్లాడనీయండి, ఈ నలుగురి సంగతి తప్ప వేరే ఒక్క మాట ఎత్తను అని చెప్తా. అవునంటారో కాదంటారో చూద్దాం."

రెండు రోజులకి మళ్ళీ ఫోన్ వచ్చింది. "అవునన్లేదు, కాదన్లేదు. కిటికీ వైపు చూసినారు. నేను అవునని రాసుకున్నా" అన్నారు.

ఆ తర్వాత నాకొక పని పెట్టేరు. మావారు బతికే ఉన్నారని వాళ్ళు చెప్తే చాలదు, రుజువు కావాలి. ఆయనకీ నాకూ తప్ప ఎవరికీ తెలియని ఒక ప్రశ్న నేను రాసివ్వాలి. జవాబు కూడా రాసి ముందే రాయబారిగారికి పంపించాలి. అడవిలోంచి వచ్చిన జవాబు దానితో సరిపోతే మనిషి ఉన్నట్టు.

"మీరు టీచరు కదా, ప్రశ్నలు రాయడం మీకు అలవాటే" అన్నారు.

పరీక్ష పేపర్లు ఎన్నో తయారుచేసేను గానీ ఆ ఒక్క ప్రశ్న దగ్గర పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాను. పెళ్ళి తేదీ అన్నాను. అది పాస్‌పోర్టు కాగితాల్లో దొరుకుతుందన్నారు రాయబారిగారు. అమ్మాయి ముద్దుపేరు అన్నాను. ఫోన్లో మెసేజీల్లో ఉంటుందన్నారు. ఆయనకి ఇష్టమైన కూర చెప్పమన్నారు వదినగారు. అది ఊరందరికీ తెలుసు. ఇరవయ్యేళ్ళ కాపురంలో మా ఇద్దరికే తెలిసిన సంగతి ఏముందా అని వెతికితే, ఒకటీ కనపడలేదు. దొంగతనం జరిగిన ఇంట్లో వెతుక్కున్నట్టు వెతుక్కున్నాను. చివరికి అమ్మాయి నా పక్కన వచ్చి కూర్చుంటే, దాన్ని చూసి గుర్తొచ్చింది.

'పాప మొదటిసారి నడిచింది ఎక్కడ?' అని రాసేను. జవాబు, 'జనరేటర్ షెడ్డులో.'

ఆ ప్రశ్న మోసుకుపోయింది ఒక ముసలి వర్తకుడట. రెండు గుంపులకీ ఉప్పూ సబ్బులూ అమ్మేవాడు. అతని లారీ ఎవరూ ఆపరు, ఉప్పు అందరికీ కావాలి కదా. రాయబారిగారు అతనితో పరిచయం చేసుకోడానికి వారం రోజులు వెళ్ళి అతని కొట్టు ముందు కూర్చుని, అవసరం లేకపోయినా సబ్బులు కొన్నారట. "మా ఆఫీసులో మూడేండ్లకి సరిపడా సబ్బులుండాయి" అన్నారు. అది విని నవ్వేను. మావారిని తీసుకుపోయేక నవ్వడం అదే మొదలు. నవ్వినందుకు మళ్ళీ సిగ్గేసింది.

ప్రశ్న బయల్దేరిన ఎనిమిదో రోజున జవాబు వచ్చింది. రాయబారిగారు కాగితం చూసి చదివేరు. "షెడ్డులో. ఆయిలు డ్రమ్ము పట్టుకుని. గౌనంతా గ్రీజు. మా ఆవిడ తిట్టింది."

నేను అడిగింది ఒక్కమాట. ఆయన రాసింది నాలుగు. పరీక్షలో అడిగినదానికంటే ఎక్కువ రాసే పిల్లలంటే నాకు విసుగు. ఆ వేళ ఆ నాలుగు మాటల్నీ అమ్మాయికి చెప్పి, వదినగారికి చెప్పి, మళ్ళీ అమ్మాయికి చెప్పేను. ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉందన్న సంగతి మర్చిపోయేను.

వదినగారు కళ్ళొత్తుకుని నా వైపు వంగి, "ఆ బాబుగారు భోంచేసేరో లేదో అడుగు" అన్నారు.

అడిగేను. అవతల ఫైలు మూసిన చప్పుడు వినపడింది. తర్వాత, "లేదమ్మా. ఇప్పుడు తింటా" అన్నారు.

అప్పట్నుంచీ ఆయన ఫోన్ చేసినప్పుడల్లా వదినగారు ఆ మాట అడిగించేవారు. కొన్నాళ్ళకి ఆయనే ముందు, "నేను తిన్నానని అక్కగారికి చెప్పండి" అనడం మొదలుపెట్టేరు. సాయంత్రం బడి వదిలే వేళకి ఫోన్ వచ్చేది. చెప్పడానికేమీ లేని రోజున కూడా, "ఈ రోజు ఏమీ లేదు" అని చెప్పడానికి చేసేవారు. మంత్రిగారి గది ముందు బల్ల మీద ఎంతసేపు కూర్చున్నదీ, ఎన్ని కప్పులు పాకం లాంటి టీ తాగిందీ చెప్పేవారు. నేను కాలవలకి నీళ్ళు వదిలేరని చెప్పేదాన్ని. ఊడ్పులయ్యేయని చెప్పేదాన్ని. ఐనవిల్లి దగ్గర బస్సు దిగబడిపోతే పిల్లలూ నేనూ నడిచొచ్చేమని చెప్పేదాన్ని. ఇవన్నీ ఆయనకెందుకని ఒకసారి ఆగిపోతే, "చెప్పండమ్మా, వింటా ఉండా" అన్నారు.

ఇంతలో అక్కడ ఆ రెండు గుంపులూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. అడవిలో స్థావరం ఒకటి చేతులు మారింది. కేరళాయనా, ఒడిశా వాళ్ళలో పెద్దాయనా అడవి వైపు మొదటి గుంపు దగ్గరే ఉండిపోయేరు. మావారూ, ఒడిశా కుర్రాయనా రోడ్డు వైపు రెండో గుంపుకి దొరికేరు. లేదా దొరికేరని ఆ గుంపు చెప్పుకుంది. ప్రభుత్వం నమ్మలేదు. "వాళ్ళ దగ్గరెవరూ లేరు. ఉన్నారంటే మేం దాడి మానేస్తామని అబద్ధాలు చెప్తున్నారు" అన్నాడట అక్కడి హోం శాఖ కార్యదర్శి. సైన్యాన్ని పంపడానికి అంతా సిద్ధమైంది.

ఆ రోజు రాయబారిగారి గొంతులో హడావిడి మొదటిసారి విన్నాను. "ఇంకొక ప్రశ్న కావాలమ్మా. ఇప్పుడే."

ఈసారి ఆలోచించుకోడానికి టైము లేదు. ఎనిమిదో తరగతి పిల్లల ముందే నిలబడి, నోటికొచ్చింది చెప్పేను. పెళ్ళైన కొత్తలో ద్రాక్షారామం వెళ్దామని ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కేం. పంటంటే మా వైపు మనుషుల్నీ బళ్ళనీ ఎక్కించుకుని గోదారి దాటించే పెద్ద పడవ. నడి గోదాట్లో గాలికి నా కొత్త గొడుగు ఎగిరిపోయింది. అందుకని, 'పంటు మీంచి గోదాట్లో పడిపోయింది ఏమిటి?' అన్నది ప్రశ్న. 'నా గొడుగు. మెరూన్ రంగుది' అన్నది జవాబు. కార్యదర్శి తనే సరిచూసుకుంటానన్నాడని, ఆ జవాబు కాగితాన్ని కవరులో పెట్టి అతని చేతికే ఇచ్చేరట.

మూడు రోజులకి అడవిలోంచి జవాబు వచ్చింది. రాయబారిగారు నాకు ఫోన్ చేసి చాలా నెమ్మదిగా చెప్పేరు.

"తప్పు వచ్చిందమ్మా."

"ఏం రాసేరండి?"

"గొడుగు అని రాసినారు. అయితే నీలం గొడుగు అని ఉంది. కార్యదర్శి ఏమంటాడంటే, పడవ మీద నుంచి నదిలో ఏం పడిపోతుంది, గొడుగో చెప్పో అని ఎవడైనా ఊహిస్తాడు, రంగు మాత్రం ఊహించలేకపోయినాడు అని. అందుకని..."

"ఆయనేనండి" అన్నాను.

"ఏమన్నారు?"

"మావారేనండి. అది నీలం కాదండి, మెరూన్. అమలాపురంలో నేనే కొన్నాను. కానీ ఆయన నీలమనే అంటారు. పెళ్ళైన దగ్గర్నుంచీ నీలమనే అంటున్నారు. ఎన్నోసార్లు దెబ్బలాడుకున్నామండి దాని గురించి. ఆయన మెరూన్ అని రాసుంటేనే నాకు అనుమానం వచ్చేదండి."

అన్నానే గానీ నాకు భయమేసింది. ఇలాంటి రుజువు ఏ ప్రభుత్వం ఒప్పుకుంటుంది? మొగుడూ పెళ్ళాల దెబ్బలాటని కాగితం మీద పెట్టి మంత్రికి ఎలా చూపిస్తారు?

"మీరు నన్ను నమ్ముతున్నారాండి?" అని అడిగేను.

"మా ఆవిడ మా పెండ్లి మంగళవారం అయిందంటుంది. నేను బుధవారం అంటా" అన్నారాయన. "ఉండండి. నేను పోయి మాట్లాడతా."

ఆ సాయంత్రం ఆయన కార్యదర్శి దగ్గరికి వెళ్ళి, 'ఆ మనిషి అక్కడ ప్రాణాలతో ఉన్నాడు, దీనికి బాధ్యత నాది' అని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చేరట. ఇది ఆయన నాతో చెప్పలేదు. చాలా రోజుల తర్వాత ఆయన కింద పనిచేసే ఆఫీసరు చెప్పగా తెలిసింది. సైన్యం ఆగింది.

తర్వాత వచ్చింది నాకు చాలా కష్టమైన రోజు. బుధవారం. వదినగారు పెరట్లో కొబ్బరి మట్టలు చీరుతున్నారు. రాయబారిగారు ఫోన్ చేసేరు.

"అమ్మా, ఒక మంచి మాట, ఒక చెడ్డ మాట. రెండో గుంపు వాళ్ళు మీ ఆయన్ని, ఆ కుర్రాయన్ని శుక్రవారం వదిలేస్తామన్నారు."

నేను పెరట్లోకి పరిగెత్తేను. వదినగారికి చెయ్యి ఊపేను.

"నేను వద్దన్నాను" అన్నారు రాయబారిగారు ఫోన్లో.

నాకు అర్థం కాలేదు.

"వీళ్ళిద్దరినీ తీసుకుంటే రెండో గుంపుకి పేరొస్తుంది. మొదటి గుంపుకి కోపమొస్తుంది. వాళ్ళ దగ్గర ఉండే ఇద్దర్నీ ఇంక వదలరు. కేరళాయనకి షుగరుంది, మాత్రలు అయిపోయినాయి. నలుగుర్నీ ఒకేసారి అడిగినాను. కొన్ని రోజులు పడుతుంది. ఎన్నో చెప్పలేను. మీకు తెలీకుండా చేయడం నాకు ఇష్టం లేదు."

నేను ఫోన్ పెట్టేసేను.

మర్యాదగా పెట్టలేదు. ఏదో అన్నాను కూడా. ఏమన్నానో ఇక్కడ రాయడానికి మనసొప్పడం లేదు. మీకు పిల్లలుంటే తెలిసేది అన్నట్టుగా అన్నాను. ఆయనకి పిల్లలు లేరని అప్పటికి నాకు తెలీదు.

రెండు రోజులు ఆయన ఫోన్ ఎత్తలేదు నేను. శుక్రవారం వచ్చింది. ఈపాటికి బయటపడుండేవారు, ఈపాటికి నాతో మాట్లాడుండేవారు అని గంట గంటకీ లెక్కపెట్టుకున్నాను. బళ్ళో పద్యం చెప్తూ ఒకే పాదం రెండుసార్లు చదివేను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు గానీ ఎవరూ నవ్వలేదు. వాళ్ళక్కూడా తెలుసు.

ఇంటికొచ్చేసరికి వదినగారు వీధి అరుగు మీద కూర్చునున్నారు. నాకు మంచినీళ్ళిచ్చి అన్నారు, "ఆ షుగరున్నాయన ఇంట్లో కూడా ఒకావిడ ఇలాగే కూర్చునుంటుంది కదమ్మా."

నేను గ్లాసు అరుగు మీద పెట్టేను.

"మా తమ్ముడు వాళ్ళిద్దర్నీ అక్కడ వదిలేసి వచ్చేసేడనుకో. వచ్చి, ఇక్కడ కూర్చుని, అన్నం తింటాడా వాడు? నీకు తెలీదా వాడి సంగతి?"

తెలుసు. చెరువు దగ్గర జనరేటర్ ఆగిపోయి ఎవరి రొయ్యో చచ్చిపోతే మూడు రోజులు సరిగ్గా తినని మనిషి. తెలిసినా నా కోపం పోలేదు. నాకు నా మనిషి కావాలి. కేరళావిడ మొహం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడలా అనుకోలేదని ఇప్పుడు అనలేను. మర్నాడు పొద్దున్న మాత్రం, కాఫీ కలుపుతూ ఉండగా, ఆ పొడుగు నంబరుకి నేనే ఫోన్ చేసేను. అంతవరకూ నేనుగా ఎప్పుడూ చెయ్యలేదు. మొదటి మోతకే ఎత్తేరు.

"నాకింకా కోపంగానే ఉందండి" అన్నాను.

"ఉండనీయండమ్మా."

"నలుగుర్నీ తీసుకురండి."

"ఆయ్" అన్నారాయన.

తర్వాత ఏం చేసేరో ఆయన ముక్కలు ముక్కలుగా చెప్పేరు. ఇప్పుడన్నీ కలిపి రాస్తున్నాను. వీళ్ళ నలుగుర్నీ తీసుకుపోయిన దగ్గర్నుంచీ ఆ ఊరి పంపుహౌసు ఆగిపోయింది. ఆడవాళ్ళు నదికి నడిచివెళ్ళి నీళ్ళు తెచ్చుకుంటున్నారు. ఊరు ప్రభుత్వం చేతిలో ఉంది. కానీ ఆ ఊళ్ళో మొదటి గుంపు వాళ్ళ తల్లులున్నారు, రెండో గుంపు వాళ్ళ పిల్లలున్నారు. రాయబారిగారు ఉప్పు వర్తకుణ్ణి రెండు గుంపుల దగ్గరికీ పంపించి, తను మంత్రి దగ్గరికి వెళ్ళి, ముగ్గురికీ ఒకే మాట చెప్పేరు. 'ఆ యంత్రాలు నడపడం తెలిసింది ఈ నలుగురికే. ఇద్దరితో నడవదు. ఎవరు గెలిచేరు, ఎవరు ఓడేరు అని రాసుకోవద్దు. ఊరికి నీళ్ళు వచ్చేయని రాసుకోండి.' మంత్రిగారు మళ్ళీ కిటికీ వైపు చూసేరట. మొదటి గుంపు నాయకుడు మూడు రోజులు ఆలోచించి, 'మా అమ్మ కాలు నెప్పితో నదికి వెళ్ళలేకపోతోంది, సరే' అని కబురు పంపేడట.

ఆ బుధవారం తర్వాత పదకొండో రోజున, ఆదివారం, నేను కొబ్బరి కోరుతున్నాను. ఫోన్ అమ్మాయి ఎత్తింది. ఎత్తి, ఏమీ మాట్లాడకుండా తెచ్చి నా చెవి దగ్గర పెట్టింది.

"నీలమే" అన్నారు మావారు.

నా చేతికి కొబ్బరి కోరు అంటుకునుంది. తుడుచుకోలేదు. "మెరూన్" అన్నాను.

"సరే, మెరూన్" అన్నారు. మా పెళ్ళైన తర్వాత ఆయన ఒప్పుకోవడం అదే మొదటిసారి. దానికి నాకు ఏడుపు ఆగలేదు.

వెంటనే రాలేదు. నలుగురూ వారం రోజులు అక్కడే ఉండి జనరేటర్లు బాగుచేసి, ఆ ఊరివాళ్ళు ముగ్గురికి నడపడం నేర్పేరు. ఉండమని ఎవరూ బలవంతపెట్టలేదు. మాటిచ్చిన తర్వాత నీళ్ళు రాకపోతే ఎలా అన్నారట మావారు. ఆ వారమంతా రాయబారిగారు కూడా పంపుహౌసులోనే మంచం వేసుకుని ఉన్నారు.

రాజమండ్రి విమానాశ్రయంలో చూస్తే మనిషి సగమైపోయేరు. వదినగారు తమ్ముడి భుజాలు తడిమి తడిమి చూసేరు. అమ్మాయి నాన్న చెయ్యి పట్టుకుని రావులపాలెం దాకా వదల్లేదు. ఇంటికొచ్చేక కొన్నాళ్ళు ఆయన తలుపులు వెయ్యనివ్వలేదు. చెప్పులు మంచం పక్కనే పెట్టుకునేవారు. అక్కడి సంగతులు అడిగితే చెప్పేవారు కాదు. ఒక్కటి మాత్రం చెప్పేరు. రెండో గుంపులో నా ప్రశ్న ఇంగ్లీషులో చదివి వినిపించింది ఒక నడివయసు మనిషి. ఈయన జవాబు చెప్పి రాసిచ్చేక, "తర్వాత ఏమైంది? ఆవిడ మళ్ళీ గొడుగు కొనుక్కుందా?" అని అడిగేడట. కొనుక్కుందని చెప్తే, ఏ రంగని అడిగేడట.

మరుసటి ఏడు రాయబారిగారు రిటైరయ్యేరు. భార్యతో కలిసి మా వైపు గుళ్ళు చూడ్డానికి వస్తున్నానని ఫోన్ చేసేరు. పొద్దున్న ఐనవిల్లిలో దర్శనం చేసుకుని మధ్యాహ్నానికి మా ఇంటికి వచ్చేరు. నేను పొడుగాటి మనిషిని ఊహించుకున్నాను. ఆటోలోంచి దిగింది నా భుజం దాకా వచ్చే చిన్న మనిషి. మోకాళ్ళ నొప్పితో మెట్టు మెట్టుకీ ఆగేరు. మావారు వెళ్ళి చెయ్యి పట్టుకున్నారు. ఇద్దరూ అలా మెట్ల మీదే కాసేపు నిలబడిపోయేరు.

భోజనాలయ్యేక నేను అనవలసిన మాట అన్నాను. "ఆ రోజు ఫోన్లో తప్పుగా మాట్లాడేనండి. పెద్దమనసు చేసుకుని..."

ఆయన అడ్డొచ్చేరు. "నేను చెప్పాల్సింది ఉందమ్మా. శుక్రవారం వదిలేస్తామన్న మాట నేను మీకొక్కరికే చెప్పినాను. ఆ ఒడిశా కుర్రాయన ఇంటికి చెప్పలేదు. మా రూలు ప్రకారం మీకూ చెప్పకూడదు."

"మరి నాకెందుకు చెప్పేరండి?"

ఆయన మజ్జిగ గ్లాసు కింద పెట్టేరు. "అట్ల వద్దన్నాక రెండు రోజులు అన్నం లోపలికి పోలేదు. తప్పో ఒప్పో ఎవరికైనా చెప్పుకోవాల అనిపించింది. మన భాషలో చెప్పుకోవాల అనిపించింది. ఆ దేశంలో ఉండంగా ఈ సంగతి నేను తెలుగులో మాట్లాడేది మీతోనే. నా భారం దింపుకోను మీ నెత్తిన పెట్టినాను. అది నేను చేసిన తప్పు."

నాకు కొంచెం కోపమొచ్చింది, నిజంగానే. ఆ రెండు రోజులు నేను పడిన బాధ నాకింకా గుర్తుంది. అంతకంటే ఎక్కువగా, ఎక్కడో మంత్రి గది ముందు బల్ల మీద ఒంటరిగా కూర్చున్న ఈ చిన్న మనిషి కళ్ళ ముందు కనపడ్డారు. ఆయన గ్లాసులో ఇంకొంచెం మజ్జిగ పోసేను.

ఎండ తగ్గేక మావారు ఆయన్ని చెరువులు చూపించడానికి తీసుకెళ్ళేరు. నేనూ ఆయన భార్యా అరుగు మీద కూర్చున్నాం. ఆవిడ అంతవరకూ పెద్దగా మాట్లాడలేదు. చీర చెంగు సర్దుకుంటూ, "నేను అప్పుడు బళ్ళారిలో ఉంటిని. ఆడ ఏం జరిగిందో నాకు ఒక్క ముక్క చెప్పలేదమ్మా ఆయన. అడిగితే ఫైళ్ళ పని అంటాడు. నువ్వు చెప్పు" అంది.

నేను మొదటి ఫోన్ దగ్గర్నుంచీ మొదలుపెట్టేను. సబ్బుల సంగతి చెప్తే చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. సంతకం పెట్టిచ్చిన సంగతి చెప్తే నవ్వడం మానేసి నా చెయ్యి పట్టుకుంది. నేనింకా ఆ బుధవారం దాకా రాలేదు, చెరువు గట్టు మీంచి మగవాళ్ళిద్దరూ నెమ్మదిగా తిరిగి వస్తూ కనపడ్డారు.

ఆవిడ వాళ్ళని చూసి, అరుగు మీంచే చెయ్యి ఊపి గట్టిగా అంది, "ఇంకో చెరువు చూసి రాండి, పోండి!"

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని వెనక్కి తిరిగేరు.

"ఊఁ, చెప్పు" అంది ఆవిడ.